రవళికి రాని బంతి

ఇంద్రేశం ఊళ్లో ముత్యమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. పాశమైలారంలో ఆమె పనిచేసే మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కూడా ఆమె ముందు గొంతు తగ్గిస్తాడు. బీహారు నుంచి వచ్చిన కుర్రాళ్లకు వచ్చీరాని హిందీలోనే చివాట్లు పెడుతుంది. అంతటి మనిషికి పదమూడేళ్ల కూతురు రవళితో ఏం మాట్లాడాలో మాత్రం తెలియడం లేదు.

ఎండాకాలం సెలవులు అయిపోయినప్పటి నుంచి ఆ పిల్ల అదో రకంగా ఉంటోంది. అడిగితే "ఏం లేదు" అంటుంది, ఇంకోసారి అడిగితే అదీ అనదు. చిన్నప్పటి నుంచి తల్లి పక్కనే పడుకునేది, ఇప్పుడు గోడవారకు చాప లాక్కుపోయింది. భర్త లారీ మీద ఊళ్లు తిరుగుతాడు కాబట్టి ఈ బెంగంతా ముత్యమ్మ ఒక్కదానిదే. ఎవడైనా పిల్లగాడు వెంట పడుతున్నాడేమోనని ఫోను వెదికింది, బ్యాగు వెదికింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది. తల్లుల లెక్కలు అలాగే ఉంటాయి మరి!

అంతలో రవళి బడికి పరిశోధన చేసేవాళ్లు వచ్చారు. ఎదిగే ఆడపిల్లల మనసు ఎలా ఉంటుంది, తోటివాళ్లతో ఎలా మెలుగుతారు, ఆ వయసులో మెదడు ఎలా పెరుగుతుంది అని చూస్తారట. తల్లిదండ్రులు సరేనంటే పిల్లలను సిటీకి తీసుకెళ్లి తలకు స్కానింగు చేస్తారట. మిగతా తల్లులు వెనకాడారు గానీ ముత్యమ్మ ఎగిరి గంతేసింది. తల లోపలికి చూసే మిషనంటే పిల్ల మనసులో ఏముందో ఫొటో తీసి చేతిలో పెడుతుందని ఆమె నమ్మకం. బడి తప్పుతుందని రవళి కూడా సంతోషంగానే ఒప్పుకుంది.

స్కానింగు గదిలోకి వెళ్లేటప్పుడు బాగానే ఉన్న పిల్ల, బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉంది. ముత్యమ్మ నేరుగా అక్కడున్న మేడం మీదికి పోయింది.

"ఏం జేసిండ్రు నా బిడ్డను? ఎందుకేడుస్తున్నది?"

మేడం ఆమెను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. మిషన్‌లో పడుకున్న పిల్లకు తెర మీద బంతాట కనిపిస్తుంది. ఆడేది ముగ్గురు. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ వాళ్లలో వాళ్లే బంతి విసురుకుంటారు, ఈ పిల్లకు వేయరు. అప్పుడు మెదడులో ఏం జరుగుతుందో చూస్తారు.

"వాళ్లిద్దరూ మనుషులు కాదమ్మా, కంప్యూటరే. ఆట అయిపోగానే రవళికి చెప్పేశాం."

"చెప్పకముందే నాకు సమజైంది. అయినా ఏడుపొచ్చింది," అంది రవళి నేల చూస్తూ.

ముత్యమ్మ ఆగలేకపోయింది. "మరి ఫొటోల ఏం కనవడ్డది మేడం? దాని మనసుల ఏమున్నది?"

"అది మిషన్‌కు తెలియదమ్మా. చాలామంది పిల్లలను చూశాక ఈ వయసు గురించి మాకు కొంత అర్థమవుతుంది. మీ అమ్మాయి మనసులో మాట మీరు అమ్మాయినే అడగాలి."

ముత్యమ్మకు ఒళ్లు మండింది. అడిగితే చెప్పే పిల్లయితే డ్యూటీ మానుకుని ఇంత దూరం ఎందుకొస్తుంది? పటాన్‌చెరు బస్సులో కూర్చున్నాక కూడా లోలోపల గొణుక్కుంటూనే ఉంది. బీరంగూడ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడు, ఉత్త బంతి కోసం ఇంత పిల్ల ఏడవడమేమిటని ఆమెకు తట్టింది.

"బడిల గూడ నీకెవ్వరు బంతి ఏస్తలేరా బిడ్డా?"

రవళి కిటికీ వైపు తిరిగిపోయింది. తరవాత తల ఊపింది.

"నా దోస్తు సత్యశ్రీ నా పక్కన కూసుంటలేదు. ఎవ్వరు కూసుంటలేరు."

"ఎందుకే? లొల్లి వెట్టుకున్నవా?"

"లే. చెప్తే నీకు బాధైతది."

"అయితే కానియ్, చెప్పు."

"నా బట్టలకు మందుల కంపెనీ వాసనొస్తదంట. నీ నుంచి నాకంటిందంట."

ముత్యమ్మ పైట కొంగు ముక్కుకు పెట్టుకుని గట్టిగా పీల్చింది. పనిలో చేరిన కొత్తలో ఆ వాసనకు అన్నం సయించేది కాదు. ఇప్పుడు ఎంత పీల్చినా ఏమీ తెలియలేదు.

"నాకైతే ఏం వాసనొస్తలేదు."

"నాక్కూడ రాదమ్మా. అందుకే ఎంత ఉతికినా పోయిందో లేదో తెలుస్తలేదు."

ఇన్నాళ్లూ తన కోసమే నోరు మూసుకున్న పిల్లను చూసి ముత్యమ్మకు దుఃఖం ముంచుకొచ్చింది. దగ్గరికి తీసుకోబోయింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, కాస్త దూరం జరిగింది.

రవళి అది చూసింది. తనే జరిగి తల్లి భుజం మీద తల పెట్టుకుంది.