మా ఇంట్లో బిల్లు అడగరు

ఆ రోజుల్లో మా ఆస్తులన్నీ పోయినా అలవాట్లు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిలో ముఖ్యమైనది, ఏ వస్తువు కొన్నా బిల్లు అడగకపోవడం. "నమ్మినచోట కొంటాం, కొన్నచోట రసీదు అడగం" అనేవారు తాతగారు. చచ్చిన పులి మీద చెయ్యి వేసి ఆయన నిటారుగా నిలబడ్డ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. (హాలంటే, అన్నీ అమ్మగా మిగిలిన ముందుగది.)

విజయనగరంలో మొదటి ఉద్యోగం రాగానే నేను ఫ్రిజ్ కొన్నాను. విలాసానికి కాదు. నాయనమ్మ ఇన్సులిన్ ఎదురింటి ఫ్రిజ్‌లో ఉండేది. రెండు పూటలా గుమ్మం దిగి వాళ్ల తలుపు తట్టడం ఆవిడకు సూదిపోటు కంటే ఎక్కువ బాధ. మా ఇంటిపేరు వినగానే కొట్టు యజమాని లేచి నిలబడ్డాడు. "తమరికి బిల్లూ కార్డూ ఏటండి బాబుగారూ, నేనే గ్యారంటీ!" అన్నాడు. నా వెన్ను మరో అంగుళం పెరిగింది. అతను ఫొటో తీస్తానంటే, ఫ్రిజ్ మీద చెయ్యి వేసి అచ్చం తాతగారిలాగే నిలబడ్డాను.

వారం తిరక్కుండా చల్లదనం పోయి ఫ్రిజ్ బీరువా అయిపోయింది. ఇన్సులిన్ మళ్లీ వీధి దాటింది. నాయనమ్మ పట్టుచీర కట్టుకుని ఎదురింటికి వెళ్లడం మొదలుపెట్టింది, పేరంటానికి వెళ్తున్నట్టు. నేను కొట్టుకు మూడుసార్లు తిరిగాను. మూడోసారి యజమాని కుర్చీలోంచి లేవనేలేదు. "మా కాడ కొన్నారా? బిల్లుంటే సూపించండి" అన్నాడు.

ఎదురింటి మావ, రిటైరైన బస్సు డ్రైవరు, విని నెత్తి కొట్టుకున్నాడు. "బిల్లు తీసుకోనేదా? ఏటి సదివేవురా బాబూ! సరే, వినియోగదారుల ఫోరంలో ఎయ్యి. లాయరు అక్కర్నేదు, నీ మాట నువ్వే సెప్పుకోవచ్చు."

"సాక్ష్యం ఏదీ మావా?"

ఆయన నన్ను స్కూటరెక్కించి బజారుకు తీసుకెళ్లి, తల ఎత్తమన్నాడు. కొట్టు నెత్తిన పెద్ద ఫ్లెక్సీ. అందులో ఫ్రిజ్ మీద చెయ్యి వేసి నేను! కింద, 'మా వద్ద కొన్న జమీందారు బాబుగారు'.

"అదిగో నీ బిల్లు. ఇంత పెద్ద బిల్లు జిల్లాలో ఎవుడికున్నాది?"

ఫ్లెక్సీని ఫోన్లో ఫొటో తీసి, ఫిర్యాదు నా చేత్తోనే రాసి ఇచ్చాను. విచారణ రోజున యజమాని నన్ను ఎన్నడూ చూడలేదన్నాడు. నేను ఫొటో అందించాను. "ఇందులో ఉన్నది మీరేనా?" అని అధ్యక్షులవారు అడిగారు. పక్కనున్న కుర్చీ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను. హాలంతా నవ్వింది. యజమాని తల దించుకున్నాడు. పాతది తీసుకుని కొత్త ఫ్రిజ్ ఇవ్వాలని, బిల్లుతో సహా ఇవ్వాలని తీర్పు వచ్చింది.

కొత్త ఫ్రిజ్ వచ్చిన సాయంత్రం నాయనమ్మ ఎదురింటివారిని పిలిచి చల్లటి మజ్జిగ ఇచ్చింది. పట్టుచీరలోనే.

ఇప్పుడు నేను అరడజను మేకులు కొన్నా బిల్లు అడుగుతాను, వెన్ను వంచకుండానే. ఆ మొదటి బిల్లుకు ఫ్రేము కట్టించి తాతగారి పులి పక్కన తగిలించాను. ఇంటికొచ్చినవాళ్లు పులినే చూస్తారు. ఆ పులిని కొట్టింది తాతగారో, ఆయన వెంట వెళ్లిన వేటగాడో చెప్పే కాగితం ఏదీ మా ఇంట్లో లేదు. నా వేటకు మాత్రం ఉంది.