అల్లుడుగారు కాల్చిన పొత్తులు

పెళ్లయిన కొత్తలో గుడివాడ నుంచి పెడనలోని అత్తారింటికి వెళ్లాను. మా మావగారిది కలంకారీ అద్దకం పని. ఆ సాయంత్రం అత్తయ్యగారు మొక్కజొన్న పొత్తులు కాల్చి ఉప్పూకారం రాయబోతుంటే, వంట వీడియోలు చూసి మహా పండితుణ్ణయిపోయిన నేను ఊరుకుంటానా?

"ఆగండి, హెర్బ్ బటర్ రాసి నేను కాలుస్తాను!" అన్నాను.

వెన్నలో కొత్తిమీర, పుదీనా కలిపాను. పులుపు తక్కువైందనిపించింది. వసారాలో ఓ డబ్బాలో పసుపురంగు పొడి కనిపిస్తే, ఆమ్‌చూర్, అంటే ఎండు మామిడి పొడి అనుకుని మూడు చెంచాలు వేశాను. తుప్పు పట్టిన ఇనప జల్లెడ మీద పొత్తులు నల్లగా నిగనిగలాడాయి. ఎంత బాగా కాల్చానో అని మురిసిపోయాను.

కొత్త అల్లుడు చేసిపెడితే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? అందరూ కళ్లనీళ్లు పెట్టుకుని మరీ తిన్నారు. నేనూ కొరికాను. వగరుకి నాలుక బిగుసుకుపోయింది.

"ఏం పొడి వేశారు?" అని అడిగింది మా ఆవిడ. డబ్బా చూపించాను. గుడ్డకి రంగు పట్టించడానికి వాడే కరక్కాయ పొడట. ఇనుము తగిలితే నల్లబడుతుందట.

మావగారు నల్లటి పెదాలు అద్దంలో చూసుకున్నారు. "నలుపు అద్భుతంగా పట్టిందండీ అల్లుడుగారూ! ముప్పై ఏళ్లుగా అద్దుతున్నాను, నాకే ఇంత బాగా కుదరలేదు" అన్నారు ఎంతో మర్యాదగా.

తర్వాత చాలా తిట్లు తిన్నాను గానీ, ఆ మెచ్చుకోలంత గట్టిగా ఏదీ తగల్లేదు.