శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున తాడు లాగిన ఆదివారం

ఈ ప్రయాణానికి కారణం భక్తి కాదు, విహారం అంతకన్నా కాదు. కోపం. జనవరి చివర్లో ఒక పత్రికలో నా పాత పై అధికారి ఇంటర్వ్యూ చదివాను. ఒక తీర నగరానికి సముద్రపు ఒడ్డు ప్రణాళిక తయారు చేసిన మహానుభావుడట. ఆ ఒడ్డున ప్రతి అడుగూ తానే నడిచాడట. ఆయన కింద నాలుగేళ్ళు పటాలు గీసినవాణ్ణి నేను. బూట్లలో ఇసుక పడుతుందని ఆయన జీపు దిగగా ఒక్కసారీ చూడలేదు. పత్రికకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను, తిట్లు తప్ప ఇంకేమీ రాలేదు. ఆ వారమే కర్నూలులో మా వీధికి చేపలు తెచ్చే ఆమె ఒక మాట అంది. నందికొట్కూరు అవతల కృష్ణ వెనుక జలాల్లో చేపలు పట్టేవాళ్ళు మనవాళ్ళు కాదు, సముద్రం ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు అని. ఏ ఆఫీసూ పటం గీయని ఒడ్డు ఎలా ఉంటుందో ఒకసారి చూసి వచ్చి, అప్పుడు ఉత్తరం రాద్దామనుకున్నాను.

మీలో చాలామందికి తెలియకపోవచ్చు గనుక ముందు ఇది చెప్పాలి. తీర నగరానికి ప్రణాళిక వేసేటప్పుడు మొదట పెద్ద పోటుకు నీళ్ళు ఎంతవరకు వస్తాయో ఒక గీత గీస్తారు. ఆ గీత నుంచి వెనక్కి పట్టీలుగా కొలుస్తారు. ఇంత దూరం ఏమీ కట్టకూడదు, ఆ తర్వాత రోడ్డు, ఆ తర్వాత ఇళ్ళు. ఒక్కో వాడకానికి ఒక్కో రంగు. ఇళ్ళకు పసుపు, వ్యాపారానికి నీలం, పార్కులకు ఆకుపచ్చ. వలలు పరిచి చిక్కు తీసుకునే చోటుకు మాత్రం ఏ రంగూ లేదు. నేను ఆ పట్టీని తెల్లగా వదిలి, పక్కన పెన్సిలుతో సంగతి రాశాను. పటంలో ఖాళీ ఉంటే పని పూర్తి కాలేదనుకుంటారని ఆ పై అధికారి అన్నాడు. ఏదో ఒక రంగు వెయ్యమన్నాడు. నగరాల మీద పుస్తకాలు మా ఇంట్లో మూడు బీరువాల నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలోనూ వల ఆరడానికి ఎంతసేపు పడుతుందో లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకు కర్నూలు బస్టాండులో ఎక్కాను. నందికొట్కూరుకు గంట లోపే. యాభై రూపాయలు చేతిలో ఉంచుకుంటే చాలు. దిగిన చోటే ఉగ్గాని, మిరపకాయ బజ్జి పెట్టే చిన్న హోటలు ఉంది. వయసు చూసి ఆ వంటామె నా ఆకులో బజ్జీలు రెండే వేసింది. ఇంకో రెండు అడిగితే, మధ్యాహ్నం నన్ను తిట్టుకోవద్దని చెప్పి మరీ వేసింది. తిట్టుకోలేదు. బొరుగులు నానబెట్టి పిండి, పుట్నాల పొడి దండిగా కలిపే ఈ ఉగ్గాని కోసం కోస్తాలో ఉన్నన్నాళ్ళూ నేను మొహం వాచిపోయాను.

ఒడ్డుకు బస్సు వెళ్ళదు. ఖాజా అనే ఆటో డ్రైవరు పోను రాను, మధ్యలో ఆగడంతో కలిపి ఏడు వందలకు ఒప్పుకున్నాడు. సంగమేశ్వరం గుడికా అని అడిగాడు. గుడి ఇంకా నీళ్ళలోనే ఉందని, ఎండలు ముదిరితేనే బయటపడుతుందని అతనే చెప్పాడు. ఒట్టి ఒడ్డు చూడ్డానికే వెళ్తున్నానంటే అద్దంలో నన్ను ఒకసారి పరిశీలించాడు.

"ఒడ్డులో ఏముండాది సార్ చూసేకి? నిన్న ఈడ ఉండేది, రేపు ఆడ ఉంటాది."

నేను చదివిన ఏ పుస్తకమూ ఒడ్డు గురించి ఇంత సూటిగా చెప్పలేదు. దారి పొడవునా శనగ కోసిన నల్లరేగడి, మధ్యమధ్య మిరప ఆరబోసిన కళ్ళాలు. ముచ్చుమర్రి దాటాక తారు పోయి మట్టి బాట వచ్చింది. తొమ్మిదిన్నరకు ఒక మిట్ట మీద ఆటో ఆగింది. అక్కడున్న ఊరిని కొత్తూరు అంటారు. పాత ఊరు డ్యామ్ కట్టినప్పుడు మునిగింది. మిట్ట కింద నీళ్ళు వదిలి వెళ్ళిన నేల మైలు పొడవునా పరుచుకుని ఉంది. పైన పగుళ్ళు, కిందికి వెళ్ళేకొద్దీ తడి, చివర నీళ్ళు. బోడి కొండల మధ్య ఆ నీలం చూస్తే ఎనభై దగ్గర పడిన నా కళ్ళకు కూడా చల్లగా అనిపించింది.

నీళ్ళ అంచున నాలుగు పాలిథిన్ గుడిసెలు, వాటి ముందు కర్రలకు కట్టిన వలలు, పట్టాల మీద ఎండుతున్న చిన్న చేపలు. వల చిక్కు తీస్తున్న యాభై ఏళ్ళ మనిషి నూకరత్నం. ఆమె యాస వినగానే ఏ ఊరో తెలిసిపోయింది. ఏ పేటో కూడా అడిగాను. చెప్పింది. నేను పటం గీసిన ఒడ్డే.

"మేం వల పరుసుకున్న కాడ ఇప్పుడు పెద్దోళ్ళు పొద్దున్నే సేతులూపుకుంటా నడుత్తన్నారు బాబూ. పార్కంట. వల ఎక్కడ పరుత్తాం? పడవ అమ్మీసి ఇటొచ్చీసినాం."

ఇంటర్వ్యూ ఇచ్చినవాడి మీద పెంచుకున్న కోపమంతా ఆ మాటతో దారి తప్పింది. రంగు వెయ్యమన్నది ఆయనే. వేసింది ఈ చెయ్యి. ఆకుపచ్చ అయితే కనీసం ఎవరూ కట్టడాలు కట్టరని అప్పట్లో నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది ఆమెకు చెప్పాను. ఆమె చిక్కు తీయడం ఆపలేదు.

"అయితే ఆ పచ్చరంగు బాబు నువ్వేనేటి?" అంది. ఇంకో చిక్కు విప్పి, "మావోడికి సెప్పకు. ఆడింకా తిడతన్నాడు. కూకో, సేప తిని ఎల్దువు గాని" అంది.

కూర్చున్నాను. సముద్రం వాళ్ళ చింతపండు పులుసులో మన కృష్ణ చేప. అన్నం పెట్టినందుకు ఏమీ తీసుకోలేదు. మీరు వెళ్తే ఎండుచేపలు కొనండి, అది వాళ్ళకు ఇష్టం. తింటుండగా ఆమె అసలు సంగతి చెప్పింది. ఆ మధ్యాహ్నమే ఊరివాళ్ళు తాడు లాగుతారు. ఈ ఏడు వలలు పరుచుకునే ఈ చోటు పోతే నాలుగు కుటుంబాలూ అవతలి గట్టుకు వెళ్ళాలి. అక్కడ అంతా రాయి. వల పరిస్తే చిరుగుతుంది, పడవ ఒడ్డుకు రాదు. ఇంకా నాలుగు నెలల వేట ఉంది.

తాడు లాగడమంటే ఇది. నీళ్ళు తగ్గేకొద్దీ బయటపడే నేలను కొత్తూరు వాళ్ళు పట్టీలుగా పంచుకుంటారు. నీళ్ళ అంచున ఒక పట్టీ పడవలకూ వలలకూ. దాని వెనక పశువులు నీళ్ళకు దిగే బాట. ఆ వెనక మునిగిపోయిన పాత చేలు, ఎవరివి వాళ్ళకు. నీళ్ళు వెనక్కి జరిగితే వలల పట్టీ కూడా కిందికి జరుగుతుంది, ఖాళీ అయిన చోట విత్తనం పడుతుంది. కొలత మునిగిన పాత ఊరి చర్చి మెట్టు దగ్గర మొదలవుతుంది. చర్చి పోయింది గానీ నల్లరాయి మెట్టు ఏటా బయటపడుతుంది. కొలిచే తాడు మాత్రం చేపల వాళ్ళది. ఊళ్ళో ఎవరి తాడు తెచ్చినా పక్కవాడు పొట్టిదంటాడట. భూమి లేనివాళ్ళ తాడును ఎవరూ అనుమానించరు. మేము ముప్పై ఏళ్ళు ఆఫీసుల్లో సమావేశాలు పెట్టి సాధించలేనిది ఇదే.

పన్నెండు దాటాక ప్రార్థన ముగించుకుని ఊరంతా తెల్లబట్టల్లోనే దిగి వచ్చింది. సంఘ పెద్ద యేసేపు ముందు, బైబిలు సంచి పట్టుకున్న దేవదానం అనే ముసలాయన వెనక. పేచీ ఆయనదే. ఈ ఏడు నీళ్ళు తగ్గడం నెలగా ఆగిపోయింది. వలల పట్టీ తన తండ్రి చేనులోనే నిలిచిపోయింది. ఈ వారం అలసందలు చల్లకపోతే పదును పోతుంది. అది ఆయన చేను కాదని, నీళ్ళ చేనని మిగతావాళ్ళు అన్నారు. ఆయన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పాత ఊరి సర్వే పటం ముక్క, పట్టా నకలు ఉన్నాయి. ఆ సర్వే గుర్తులు, పాత గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్ళు లేరు. అప్పుడు నూకరత్నం నన్ను చూపించింది. ఈ బాబు పటాలు గీసినోడు అని చెప్పింది. తనకు నష్టం రావచ్చని తెలిసే చెప్పింది.

కాగితం మోకాళ్ళ మీద పరుచుకున్నాను. మెట్టు నుంచి చేను మూలకు ఆరు గొలుసులు. గొలుసుకు అరవై ఆరు అడుగులు, బార ఆరడుగులనుకుంటే పదకొండు బారలు. అరవై ఆరు బారలు తూర్పుకు లాగమన్నాను. ఇద్దరు కుర్రవాళ్ళు తాడు పట్టుకుని బురదలో నడిచారు. ఖాజా కూడా చెప్పులు విప్పి ఒక కొస పట్టాడు. కొస ఆగిన చోట కాలితో తవ్వితే గట్టు రాయి తగిలింది. అక్కడి నుంచి నీళ్ళ దాకా వలలన్నీ దేవదానం చేనులోనే ఉన్నాయి.

అబద్ధం చెప్పవచ్చు. ఆ కాగితాలు చదివింది నేనొక్కణ్ణే. ఒకసారి చెప్పినట్టు రంగు వేసినవాణ్ణి, ఇంకోసారి నచ్చినట్టు గీత జరపడానికి చెయ్యి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నూకరత్నం వెళ్ళి మొదటి కర్ర నుంచి వల విప్పడం మొదలుపెట్టింది.

పట్టా కూడా చదవమన్నాడు దేవదానం. అందరికీ వినబడాలన్నాడు. నాలుగెకరాల ముప్పై సెంట్లు, పట్టాదారు పేరు ఇస్రాయేలు అని చదివాను. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చదివాను. పరిహారం ఎప్పుడో ఇచ్చేసిన భూమికి ఆ కాగితం ఏ కోర్టులోనూ పనికిరాదు. అక్కడ అందరికీ తెలుసు. అయినా నిలబడి విన్నారు.

"ఇంటిరా? మా నాయన చేను" అన్నాడు ఆయన. తర్వాత నూకరత్నం వైపు తిరిగి, "వల తీయొద్దమ్మా. కింద ఎకరా మీరే పెట్టుకోండి, నీళ్ళు జరిగేదంకా. పైన నేను చల్లుకుంటా. నేను ఇస్తాండా" అన్నాడు.

యేసేపు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "ఇచ్చేదానికైతే ఇంతసేపు మమ్మల్ని ఎండలో ఎందుకు నిలబెడితివప్పా?"

"అడగకుండా మీరు పెట్టిస్తే నేను ఇచ్చినట్టు ఎట్లయితాదప్పా?"

ఎవరో నవ్వారు. నూకరత్నం విప్పిన ముడి మళ్ళీ వేసుకుంది. ఆమె భర్త పడవలోంచి పెద్ద బొచ్చె చేప ఒకటి తెచ్చి దేవదానం చేతిలో పెట్టాడు. ఆదివారం బట్టలు పాడవుతాయని ఆయన దాన్ని దూరంగా పట్టుకుని మిట్ట ఎక్కాడు. నాలుగున్నరకు నందికొట్కూరు చేరి, ఐదు గంటల బస్సుకు కర్నూలు వచ్చేశాను.

పత్రికకు ఉత్తరం రాయలేదు. ఆయన అబద్ధం చెప్పాడన్నది నిజమే, అది ఇక్కడ రాశాను, చాలు. నా పేరు కూడా కలపకుండా ఆయన పేరు ఒక్కటే రాస్తే అది సగం పటమే అవుతుంది. ఒడ్డును పంచడమంటే ఏ పట్టీ దేనికో తేల్చడమే అనుకుంటూ ఉద్యోగమంతా గడిపాను. ఎవరి చోటు ఇస్తున్నామో వాళ్ళ పేరు పదిమందిలో చదవడం కూడా ఆ పనిలో భాగమని దేవదానం చెప్పాకే తెలిసింది. ఆ పేటలో ఎవరి పేరూ మేము చదవలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన. పైనుంచి చూస్తే అంతా ఎవరికీ చెందని ఖాళీ నేలలా కనిపిస్తుంది. బండిని నీళ్ళ దాకా తోలకండి. మిట్ట మీదే ఆపి, దిగి, కనబడిన మొదటి మనిషిని అది ఎవరి చేను అని అడగండి. పేరు చెప్తారు, దారి కూడా వాళ్ళే చూపిస్తారు.