ట్యూబు చుట్టిన హాకీ స్టిక్కు

ఇవాళ పటాన్‌చెరులో ఆడపిల్లలకు హాకీ సెలెక్షన్లు పెట్టాను. ఒక పాప స్టిక్కు చూద్దామని తీసుకుంటే, పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. ఎండకు కాగిన ఆ రబ్బరు వాసన తగలగానే మా బాపు గుర్తొచ్చాడు.

మన కాలనీ వాళ్ళకు, చిన్నప్పుడు మనకు హాకీ నేర్పిన ఖాజా సార్ సెలెక్షన్లు గుర్తున్నాయా? అందరి స్టిక్కులూ ఒకచోట కుప్ప పోయించి, ఎవరిది వాళ్ళకు రాకుండా తలా ఒకటి పంచేవారు. "నేను ఆట సూస్త, స్టిక్కు సూడ" అనేవారు.

అందరివీ కొన్నవే. నాది మాత్రం బాపు డ్యూటీ దిగి వచ్చి, తుమ్మకొమ్మ చెక్కి చేసింది. చేతికి గుచ్చుకోకుండా ట్యూబు చుట్టాడు. నా సెలెక్షన్ రోజు అది మాలో అందరికన్నా బాగా ఆడే రేష్మా చేతికి వెళ్ళింది. నవ్వుతుందేమోనని తల దించుకున్నాను.

రేష్మా దాంతోనే గోల్ కొట్టింది. ఆట అయ్యాక కూడా దాన్ని వదలకుండా, "ఇది యాడ కొన్నవే?" అని అడిగింది.

"కొనలే. మా బాపు జేసిండు."

సెలెక్షన్లో నా పేరూ వచ్చింది. కానీ ఇంటికి ఉరికి బాపుకు ముందు చెప్పింది రేష్మా అడిగిన మాటే.

ఇవాళ నేనూ స్టిక్కులన్నీ కుప్ప పోయించాను. పంచే ముందు ట్యూబు చుట్టినదాన్ని పైకెత్తి, "ఇది ఎవలు జేసిన్రు?" అని అందరిముందూ అడిగాను.

"మా అమ్మ జేసింది మేడం. కంపెనీకి పోతది," అంది ఆ పాప.

నాలాగా తల దించుకోలేదు.