ఎర్రకారు ఊగిసలాట

మొన్న చెవుల ఆసుపత్రిలో ఒక అమ్మాయి నా కుడిచెవిలో శనగగింజంత మిషను దోపి, ఏమైనా వినపడుతోందా తాతగారూ అని అడిగింది. అప్పుడు నాకు మొదట వినపడింది ఆ పిల్ల గొంతు కాదు, కిటికీ అవతల నిలబడి ఉన్న ఏదో ఆటో ఇంజను. అది ఒకసారి రయ్యిన లేచి, మళ్ళీ ప్రాణం పోయేలా నీరసించి, మళ్ళీ లేస్తోంది. వినపడుతోందమ్మా, కానీ దాని స్లో బాగాలేదు అన్నాను. మిషను సరిగ్గా పెట్టలేదనుకుందో ఏమో, పాపం ఆ పిల్ల మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే మా బావ గుర్తొచ్చాడు.

మీలో షెడ్లలో బతికినవాళ్ళకు చెప్పక్కరలేదు గాని, బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఇంజను తనంతట తాను తిరగడాన్ని మేం స్లో అనేవాళ్ళం. మనిషి కూర్చున్నప్పుడు ఊపిరి ఎలా తీస్తాడో చూసి ఒంట్లో ఎలా ఉందో చెప్పవచ్చు కదా, స్లో కూడా అంతే. మా అక్క మొగుడు, అంటే మా బావ, అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని, అంబాసిడర్ల దగ్గర నుంచి జీపుల దాకా ఏది వచ్చినా ముందు ఆ స్లో వినేవాడు. బోనెట్టు ఎత్తకుండానే రోగం చెప్పేసేవాడు. కోటవురట్ల నుంచి చేతులూపుకుంటూ వచ్చిన మనిషికి అంత విద్య ఎలా అబ్బిందో ఆ దేవుడికే తెలియాలి. నేను అతని దగ్గర పని నేర్చుకుని అక్కడే ఉండిపోయాను. నేను బావా అంటే అతనూ నన్ను బావా అనేవాడు, మా వైపు అది మామూలే.

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో, సరిగ్గా గుర్తులేదు, ఆ రోజుల్లోనే మా షెడ్డుకి ఆ ఎర్రకారు వచ్చింది. రెండే తలుపులు, నేలకి ఆనుకున్నట్టుండే ఒళ్ళు, వెలిగిస్తే మూతలు తెరుచుకుని పైకి లేచే దీపాలు. విశాఖపట్నంలో ఎవరో ఓడ కెప్టెను ఎప్పుడో విదేశం నుంచి తెచ్చుకున్న పాత స్పోర్ట్స్ కారట. పరవాడలో మందుల కంపెనీలో పనిచేసే మా ఊరి ఇంజనీరు ఒకాయన దాన్ని ముచ్చటపడి కొనుక్కున్నాడు. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ లేని బండి, పెట్రోలును కంప్యూటరు చిమ్ముతుంది. రోడ్డు మీద గుర్రంలా పరిగెత్తేదే, కానీ నిలబడితే చాలు, ఇంజను వేగం చూపే మీటరులో ముల్లు లేవడం పడడం, లేవడం పడడం. ఊళ్ళూ షెడ్లూ తిప్పి, ప్లగ్గులు మార్పించి, పెట్రోలు చిమ్మే నాజిళ్ళు కడిగించి, చివరికి విసిగిపోయి మా దగ్గరకు తీసుకొచ్చాడాయన.

బావ ఆ బండి మీద మోజు పడ్డాడని నేను సంబరపడుతుంటే, మా అక్క ఒకనాడు అన్నం వడ్డిస్తూ అసలు సంగతి బయటపెట్టింది. బావకి రెండు చెవులూ పోతున్నాయట, డాక్టరు కూడా ఇంక తిరిగిరావని చెప్పేశాడట. ఈ ఎర్రకారు స్లో నిలబెట్టగలిగితే సరి, లేకపోతే షెడ్డుకి తాళం వేసి పరవాడలో ఏ కంపెనీ గేటు దగ్గరో వాచ్‌మన్‌గా చేరిపోతానని అక్కతో అనేశాడట. ఈ స్లో ఎలాగుంది సెప్పు బావా అంటూ కొంతకాలంగా ప్రతి బండి దగ్గరా నన్ను అడుగుతున్నది నాకు పరీక్ష పెట్టడానికి కాదనీ, అతనికి వినపడకే అడుగుతున్నాడనీ అప్పుడు తెలిసొచ్చింది. అక్క ఒట్టు వేయించుకుంది కాబట్టి నేనేమీ ఎరగనట్టే ఉన్నాను.

మేమంతా స్క్రూ తిప్పే జాతి. స్లో బాగాలేదంటే చేయి నేరుగా స్క్రూ మీదకే పోతుంది, అది కార్బురేటర్ నేర్పిన అలవాటు. ఈ బండిలోనూ గాలి తలుపు దగ్గర ఓ చిన్న స్క్రూ ఉంది, కంపెనీవాళ్ళు దాన్ని తిప్పవద్దని పసుపు రంగు చుక్క పెట్టి మూసేశారు. మాకంటే ముందు చూసినవాళ్ళు ఆ చుక్కని ఎప్పుడో పగలగొట్టి తిప్పేశారు. బావ కూడా తిప్పాడు. ముల్లు పైకి లేచి అలాగే నిలిచింది, హమ్మయ్య అనుకున్నాం. తెల్లారి చల్లటి ఇంజను స్టార్టు చేస్తే ఊగిసలాట ముందుకంటే ఎక్కువైంది, నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ కారుని తిట్టని తిట్టు లేదు. బావ మాత్రం స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, ఇంజనీరు గారిని కబురుపెట్టి పిలిపించి, ఇది లోపల ఏం లెక్క వేసుకుంటుందో నాకు విడమర్చి చెప్పండని అడిగాడు. తెలియనిది అడగడానికి అతనికి ఏనాడూ నామోషీ లేదు.

ఆ ఇంజనీరు కూడా మంచివాడు, షిఫ్టు దిగి కంపెనీ బస్సు నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చి, బల్ల మీద కూర్చుని టీ తాగుతూ ఓపిగ్గా చెప్పాడు. లోపలికి వెళ్ళే గాలిని ముందర ఒక మీటరు కొలుస్తుంది, ఆ కొలతని బట్టే కంప్యూటరు పెట్రోలు ఇస్తుంది. మీటరు దాటిన తరవాత ఎక్కడైనా చిల్లు పడి గాలి దూరితే అది కొలతలోకి రాదు, పాపం కంప్యూటరు తికమకపడి ఓసారి ఎక్కువా ఓసారి తక్కువా దిద్దుకుంటూ ఉంటుంది. అదే ఆ ఊగిసలాట. బావ అంతా విని, అయితే దొంగదారిన గాలి వస్తోందన్నమాట అని, ఇక ఆ దారి వెతకడం మొదలుపెట్టాడు.

చిల్లు వెతకాలంటే చెవే కదా సాధనం. రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో పెట్టుకుని రెండో కొన ఇంజను మీద తిప్పుతూ పోతే, గాలి పీల్చే చోట బుస్సుమంటుంది. బావ అలా చాలాసేపు వంగి చూసి, గొట్టం నా చేతికిచ్చాడు. ఒక పక్క బెల్లం లారీల హారన్లు, ఇంకో పక్క ఆ నాజిళ్ళ టిక్కుటిక్కులు, నాకు అంతటా బుస్సుమన్నట్టే ఉంది, ఎక్కడా తేల్చుకోలేకపోయాను. అప్పుడు బావ నా వైపు కాకుండా ఇంజను వైపు చూస్తూ, నాకు మాత్రం వినపడేలా అన్నాడు.

“నాకేటీ ఇనపడ్డం నేదు బావా.”

అంతే అన్నాడు. అన్నేళ్ళలో ఆ మాట నాతో అనడం అదే మొదటిసారి.

ఆ రోజు శుక్రవారం. మా రోడ్డులో శుక్రవారం వచ్చిందంటే సాయిబు తాత గొలుసుల కుంపటిలో నిప్పులు వేసుకుని, సాంబ్రాణి చల్లుకుంటూ, నెమలీకల కట్టతో విసురుతూ కొట్టు కొట్టుకీ ధూపం వేసుకుపోయేవాడు. కిరాణా కొట్టయినా, మా షెడ్డయినా, పక్కనున్న క్రైస్తవుల సైకిల్ షాపయినా, ఆయన పొగ వేస్తే గాని ఎవరికీ వారం గడిచినట్టుండేది కాదు. మామూలుగా ఆయన వచ్చే వేళకి బండ్లన్నీ ఆపేసి, పెట్రోలు డబ్బాలు దూరంగా జరిపేవాళ్ళం. ఆ రోజు డబ్బాలైతే జరిపాం గాని, మనసు బాగాలేక ఎర్రకారు ఇంజను ఆపడం మరిచిపోయాం. తాత గడపలోనే నిలబడి నెమలీకలతో ఒక్క విసురు విసిరాడు. పొగ నిదానంగా వచ్చి తెరిచిన బోనెట్టు మీద పరుచుకుంది.

అంతా పైకి తేలిపోతున్న ఆ పొగలోంచి ఒక్క పాయ మాత్రం వంగి, ఇంజను వెనకాల, చేతికి కూడా అందని మూలకి దిగి మాయమైపోయింది. బావ చూశాడు. నేను చూడలేదు సుమండీ, పక్కనే ఉన్న ఇంజనీరు కూడా చూడలేదు, బావే చూశాడు. చెయ్యెత్తి తాతని ఆపాడు. “తాతా, ఆడే ఉండు. దగ్గిరికి రావొద్దు, ఇంకోపాలి ఇసురు,” అన్నాడు. తాత విసిరాడు, పొగ మళ్ళీ అక్కడికే దిగింది. బావ మోచేయి దాకా లోపలికి పెట్టి, తడిమి తడిమి, ఒక చోట బొటనవేలు అదిమాడు. ముల్లు ఒక్కసారి జారింది, ఇంజను ఆగిపోతుందేమో అనుకున్నాను, అంతలో సర్దుకుని నిలబడింది.

బండి నిలబడ్డప్పుడు గాలినిచ్చే స్లో వాల్వుకి వెళ్ళే రబ్బరు గొట్టం అడుగున నెర్ర విచ్చింది, పైనుంచి చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతోంది. అలాంటి గొట్టం మన దేశంలో ఎక్కడ దొరుకుతుంది? లారీ బ్రేకుల గాలి గొట్టం ముక్క సరిపోయేది వెతికి, క్లిప్పులు బిగించి వేశాడు. వాల్వులో పేరుకున్న మసి కడిగాడు. ఆ తరవాత, అందరూ తిప్పి చెడగొట్టిన స్క్రూ దగ్గర పసుపు రంగు ఎంత మిగిలిందో గోటితో గీరి చూసుకుని, కంపెనీవాడు పెట్టిన చోటికి దాన్ని తిరిగి తెచ్చాడు. తనేం తిప్పాడో, ఇతరులేం తిప్పారో అంతా వెనక్కి తీసేశాడన్నమాట.

ఇంజను స్టార్టు చేశాం. ఆ స్లో గురించి ఏం చెప్పమంటారు, నిద్రపోతున్న పసిబిడ్డ ఊపిరిలా ఉంది. ఇంజనీరు ఆనందం పట్టలేక బావ భుజం పట్టుకుని, ఇంత సన్నటి స్లో కుదిర్చిన మీ చెవులకి దణ్ణం పెట్టాలండీ అన్నాడు. బావ అప్పుడు ఆ ఎర్రటి రేకు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఆ మాట అతనికి అందలేదు. నేను చెవి దగ్గర నోరుపెట్టి చెప్తే నవ్వి, సాయిబు తాత, నేను, ఇంజనీరు అందరం ఉండగానే అన్నాడు.

“సెవులు పోయేయి సార్. ఇంక సేతులతోటీ కళ్ళతోటీ సేత్తాను.”

దాచుకున్నన్నాళ్ళూ కుంగిపోయిన మనిషి, ఆ ఒక్క మాట బయటపడ్డాక ఎంత తేలికపడ్డాడో చెప్పలేను. షెడ్డుకి తాళం పడలేదు. అక్క ఆ సాయంత్రం షెడ్డుకే వచ్చి, కారు చుట్టూ ఓసారి తిరిగి, కొంగుతో కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు, పోయేదాకా, బావ బండి మీద చెయ్యి వేసి రోగం చెప్పేవాడు, చిల్లు అనుమానమైతే శుక్రవారం దాకా ఆగమనేవాడు. రావికమతం నుంచి ట్రాక్టరు తెచ్చిన రైతులు కూడా ఎందుకని అడక్కుండా ఆగేవారు. అంతటి పనివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఆసుపత్రి నుంచి బయటకొచ్చేసరికి ఆ ఊగిసలాట ఆటో వెళ్ళిపోయింది. నన్ను ఎక్కించుకున్నది కరెంటు ఆటో. రైలు గేటు దగ్గర ఆగాం, దాని ఒంటి మీద అరచెయ్యి వేసి చూశాను, ఉలుకూ లేదు పలుకూ లేదు, నిలబడితే ఊపిరి కూడా తీయదు. మంచిదే లెండి, పొగ లేదు, రొద లేదు, పిల్లల చెవులైనా మిగులుతాయి. ఇప్పుడు నా చెవిలో మిషను ఉంది, గేటు అవతల ఎవరో దగ్గినా వినపడుతోంది. వినాలని ఉన్నది మాత్రం ఆ ఎర్రకారు స్లో ఒక్కటే. ఆ సాయంత్రం షెడ్డులో ఉన్న మేమందరం దాన్ని చెవులారా విన్నాం, దాన్ని నిలబెట్టిన మా బావ తప్ప.