జామచెట్టు దగ్గర వంపు

రాష్ట్రం వచ్చిన ఏడాది మా ఇండ్ల వెనక తొవ్వకు సిమెంటు పోశారు. పని చేయించే మేస్త్రీ తాడు పట్టి చూసి, మా పెరటి దగ్గరికి వచ్చేసరికి తొవ్వ వంకర తిరిగిందనీ, దాన్ని చక్క చేస్తాననీ అన్నాడు. చేయవద్దు, అది తెలిసి పెట్టిన వంపే అన్నాను.

"ఎవలు పెట్టిండ్రమ్మా, ఇంజనీరా?" అని నవ్వాడు.

ఇంజనీరు కాదు. ఎవరు పెట్టారో చెప్పాలంటే ఆరేండ్లు వెనక్కి పోవాలి. మా ఆయన ఎనిమిదేండ్లంటాడు. రెండువేల ఎనిమిది నుంచి రెండువేల పద్నాలుగు దాకా ఎనిమిది ఎట్లా అవుతుందో ఆయనే చెప్పాలి. నేను గోదావరిఖనిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆయన బాయిలో సర్దారు. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని, సర్దారు అంటే కింద మనుషుల చేత పని చేయించి, వాళ్ల ప్రాణాలకు జవాబు చెప్పేవాడు. అందుకే లెక్క నాకు, మాట ఆయనకు.

మా వాడ బాయికి దగ్గర. పనివాళ్లు నౌకరీలో ఉండగానే కొద్దికొద్దిగా కట్టుకున్న ఇండ్లు. ముందర బొగ్గు లారీల రోడ్డు. వెనక పాత టబ్బు లైను కట్ట. ఒకప్పుడు ఇనుప తాడు లాగుతుంటే చిన్న చిన్న టబ్బుల్లో బొగ్గు పోయిన దారి అది. పట్టాలు ఎప్పుడో పీకేశారు. ఖాళీగా ఉన్న కట్ట మీదికి ఒక్కొక్క పెరడూ జరుగుతూ పోయింది. ఒకరి కోళ్ల గూడు, ఒకరి కట్టెల మోపు, ఒకరి మేకల కొట్టం. మా బాత్రూం.

మాకు మూడిండ్ల అవతల ఒక కుటుంబం ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆ ఇంటి కొడుకు పద్నాలుగేండ్లు భూమి కింద పని చేశాడు, ఒంటి మీద గీత పడలేదు. రెండువేల ఏడు వానాకాలంలో డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి వస్తుంటే, బాయి గేటుకూ ఇంటికీ నడుమ లారీ తగిలింది. తల్లి ఆ సంగతి ఎవరడిగినా ఒక్క తీరుగనే చెప్పేది. "బాయిల నుంచి బతికొచ్చిండు, రోడ్డు మీద పోయిండు."

అతని ఉద్యోగం భార్యకు వచ్చింది. ల్యాంపు రూములో పని. కిందికి దిగేవాళ్లకు టోపీ లైట్లు అందించాలి, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకొని మళ్లీ చార్జింగు పెట్టాలి. ఫస్ట్ షిఫ్టు పడినప్పుడు అందరికన్నా ముందు ఆమె ఉండాలి. ఆ వేళకు షేర్ ఆటోలు రావు. నడిచి పోతే అందదు. ఆ పిల్ల సైకిల్ నేర్చుకుంది, ఒకటి కొనుక్కుంది. అత్త మాత్రం ఆ రోడ్డు మీదికి పోనియ్యలేదు. ఫస్ట్ షిఫ్టు వారమొచ్చిందంటే పనికి పోక వారమంతా నాగాలు. నాగాలు పెరిగి, ఏడాదికి పడవలసిన మస్టర్లు, అంటే హాజరీలు, పడకపోతే పని నుంచి తీసేస్తారు. అప్పటికే ఒక నోటీసు వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు, అత్త, తను. నాలుగు నోళ్లకు అదొక్కటే ఆధారం.

ఆ మరుసటి ఏడే మా వార్డుకు ఫుట్‌పాతూ, దాని పక్కన సైకిళ్లకు తొవ్వా మంజూరైనాయి. ఒక కుర్ర ఇంజనీరు వచ్చి, ఏ పక్క వేయాలో రోజూ నడిచే మీరే చెప్పండన్నాడు. అట్లా అడిగినవాణ్ని నేను అంతకు ముందు చూడలేదు. సోమవారం వస్తాను, అందరూ ఉండండన్నాడు. వాడవాళ్లు నవ్వారు.

"సోమవారం ఎవలుంటరు సారూ? సగం మంది బాయిల, సగం మంది నిద్రల. ఆయితారం రాండ్రి."

మా దగ్గర అది పద్ధతి. మూడు షిఫ్టుల మనుషులు ఒక్కచోట మెలకువగా దొరికేది ఆదివారమే. పెండ్లి మాటలు ఆదివారం, అన్నదమ్ముల పంచాయతీ ఆదివారం. బడిలో తల్లిదండ్రులను పిలిచినా నేను ఆదివారమే పిలిచేదాన్ని. అట్లనే ఈ రోడ్డు సంగతీ పెట్టుకున్నాం.

చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా టేపు పట్టుకొని పోయాను. రెండో కొస మా ఆయన చేతికిచ్చాను. బాయి బంద్. లారీలను తూచే కాటా బంద్. రోడ్డు మీద పిల్లలు వికెట్లు పాతి ఆడుతున్నారు. రోడ్డు ఇరవై రెండు అడుగులు. ఎదురెదురు లారీలకు ఎనిమిదీ ఎనిమిదీ పదహారు. మిగిలింది ఆరు, అంటే పక్కకు మూడు. ఆ మూడడుగుల్లో సైకిలు పోవాలి, నడిచే మనిషి పోవాలి, బర్రె పోవాలి. కాబట్టి తొవ్వ రోడ్డు దిగి బయటనే వేయాలి. కుడి పక్క మోరీ, కరెంటు స్తంభాలు. ఎడమ పక్క మాత్రం వెడల్పుగా, చదునుగా, చెట్టు గాని గుంజ గాని లేకుండా మొరం నేల. అందరి చూపూ అటే పోయింది.

"మరి కాటా లారీలు నిలబడేది గక్కడనే గదా?" అని ఒకరన్నారు.

"అంచుకు గట్టు కడితే అవే జరుగుతయి తియ్యి" అని ఇంకొకరు.

ఖాళీ రోడ్డు మీద నిలబడి వింటుంటే ఆ మాట నిజమే అనిపించింది. ఎటు కావాలంటే అటు జరగడానికి బోలెడు జాగా కనబడుతోంది. అక్కడ ఒక్క చెట్టయినా ఎందుకు మొలవలేదో మాలో ఒక్కరికీ తట్టలేదు. నేను కాగితం మీద గీశాను. టీచరమ్మ గీసినంక ఇంకేముందని అందరూ ఇండ్లకు పోయారు. ఆ పూట వాడంతా కోడికూర వాసన.

దసరా అయినాక పని పూర్తయి, అన్నాళ్లూ లారీలకు అడ్డం పెట్టిన డ్రమ్ములు తీసేశారు. ఎర్ర ఇటుకలు, చీలమండ ఎత్తు గట్టు, సైకిళ్లకు పసుపు గీత. అత్త కూడా వచ్చి చూసింది. ఆమె వచ్చిందీ ఆదివారమే. ఇటుకల మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచి, "సరే, పో" అంది కోడలితో.

సోమవారం కాటా తెరిచారు. లారీలు ఎప్పటి చోటికే వచ్చి, ఒక పక్క చక్రాలు గట్టు ఎక్కించి నిలబడ్డాయి. గేటు దగ్గర మొదలైన వరుస మా సందు దాటింది. డ్రైవర్లు ఎర్ర ఇటుకల మీద స్టవ్వు పెట్టి టీ కాచుకున్నారు. వాళ్లననీ లాభం లేదు. కాటా పిలిచేదాకా ఎక్కడ నిలబడతారు? ఆ పిల్ల పసుపు గీత పట్టుకొని కొంత దూరం పోయింది. ముందర లారీ. దాన్ని తప్పించుకొని రోడ్డు మీదికి వంచింది. లారీ చాటు నుంచి వచ్చిన సైకిలు ఎదురుగా వచ్చే టిప్పరుకు కనబడలేదు. బ్రేకు పడింది, పిల్లా పడింది. మోకాలు గీరుకుపోయింది, చక్రం వంగింది. అట్లనే కుంటుకుంటూ పోయి మస్టరు వేయించుకొని, మధ్యాహ్నం సైకిల్ తోసుకుంటూ ఇల్లు చేరింది.

అత్త సైకిల్‌ను గొలుసుతో కిటికీకి కట్టి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"ఉద్యోగం పోతది అత్తా" అంది కోడలు.

"పోనియ్యి."

"పిల్లలకేం పెడ్తం?"

"అడుక్కొచ్చయిన పెడ్త. తల్లి లేని పిల్లలను జెయ్య."

ఆ మాటలు మా అరుగు దాకా వినబడ్డాయి. రాత్రికి ఆ పిల్ల మా ఇంటికి వచ్చి, ఈ వారం కూడా నాగా పడితే రెండో నోటీసు వస్తుందని చెప్పి పోయింది. నేను నా కాగితం తీసి కూడికలూ తీసివేతలూ మళ్లీ చూశాను. ఎక్కడా తప్పు లేదు.

మా ఆయన అన్నం తింటూ చూస్తున్నాడు. "ఏమే, ఆయితారం బాయిల దిగి, తాడు నడుస్తలేదు గదా అని పట్టాల మీద పండుకుంటవా?"

"టేపు నువ్వు పట్టలేదానయ్యా?"

"పట్టుమంటె పట్టిన. పండుకొమ్మనలే."

నాకు కోపం వచ్చింది. కానీ చెయ్యి కడుక్కుంటూ ఆయన అన్నది విన్నాను. "లోపట బొగ్గు పోయే తొవ్వ వేరు, మనిషి పోయే తొవ్వ వేరు. తాడు నడిచేటప్పుడు టబ్బు లైన్ల మనిషి కనబడితే నేనే చార్జిషీట్ రాసేటోణ్ని. పైకొచ్చినంక ఎవనికి గుర్తుంటది? బొగ్గూ మనమూ ఒకటే రోడ్డు."

"మరి ఈడ మనిషి తొవ్వ యాడున్నదో జెప్పు."

ఆయన గడ్డం ఎత్తి పెరటి దిక్కు చూపించాడు. చూపించినాక ఆయనకే గుర్తొచ్చింది, అక్కడ ఉన్నది మా బాత్రూం అని. తువ్వాల తీసుకొని గబగబా మూతి తుడుచుకున్నాడు. నేను నవ్వకుండా ఉండలేకపోయాను.

పాత టబ్బు లైను మా వెనక నుంచి నేరుగా బాయి వెనక గేటుకు పోతుంది. అక్కడి నుంచి ల్యాంపు రూము పక్కనే. లారీ ఎక్కే కట్ట కాదు. రెండో మీటింగు సోమవారం పొద్దున, షిఫ్టు మారే వేళ, గేటు ముందర టీ కొట్టు దగ్గర పెట్టాం. తక్కువ మంది వచ్చారు. వచ్చినవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. డ్యూటీకి పోయేవాళ్లూ దిగి వచ్చేవాళ్లూ లారీల సందుల్లో నుంచి సైకిళ్లు తోసుకుంటుంటే ఇంజనీరు చేతిలో టీ చల్లారిపోయింది. ఆ గ్లాసు కొట్టు బల్ల మీద పెట్టేసి, "కట్ట మీద మొరం పోయిస్తా, ఖర్చు తక్కువే. వెనక గేటు తెరిపించే మాట మీ యూనియన్ వాళ్లు చూసుకోవాలె. కానీ కట్ట ఖాళీ చేయాల్సింది మీరే. నేను జేసీబీ తెస్తే మీకూ మాకూ పగ" అన్నాడు.

యూనియన్ వాళ్లు గేటు సంగతి నెల తిరగకముందే తేల్చారు. పెరళ్లు తేలడానికి ఇంకా ఎక్కువ పట్టింది. నేనే ఇల్లిల్లూ తిరిగాను. మేకల కొట్టం ఉన్న చాచా, "బక్రీద్ పోనియ్ టీచరమ్మా, మేకలే ఉండయ్, కొట్టమెందుకు? ఫికర్ జెయ్యకు" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. కోళ్ల గూడు ఆమె నడుము మీద చెయ్యేసుకొని నిలబడి, "ముందుగాల మీ సర్దారు సాబ్ బాత్రూం కొట్టుమను. గప్పుడు నా కోళ్ల సంగతి మాట్లాడుదం" అంది. ఇందులో కాదనడానికి ఏముంది? ఇంటికొచ్చి ఆ మాట మాటగా చెప్పాను. మరునాడు పొద్దున్నే మా ఆయన గడ్డపార పట్టాడు. గోడలు తన చేత్తో కట్టినవి. పడగొట్టడానికి ఇంకొకణ్ని పిలవనన్నాడు. సాయంత్రానికి కోళ్ల గూడూ లేచింది.

కానీ బాత్రూం పక్కన జామచెట్టుంది. రిటైరైన వారంలో ఆయన పెట్టింది. దాని దగ్గరికి వచ్చేసరికి గడ్డపార కింద పెట్టి కూర్చున్నాడు.

"చెట్టు నడిమిట్ల వస్తున్నదయ్యా" అన్నాను.

"తొవ్వ వంగుతది. చెట్టు వంగది."

టేపు తెచ్చి కొలిచాను. చెట్టు అవతల నుంచి తిప్పినా ఒక సైకిలూ ఒక మనిషీ ఒరుసుకోకుండా పోవచ్చు. సరేనన్నాను. ఆ వంపు అట్లా వచ్చింది.

మొరం పోసి తొక్కించారు. సైకిళ్లు పోవడం మొదలైంది. ఆ పిల్ల మాత్రం పోలేదు. ఈలోపు ఫస్ట్ షిఫ్టు వారాలన్నీ నాగాలు పడి రెండో నోటీసు కూడా వచ్చింది. మళ్లీ ఫస్ట్ షిఫ్టు వారం రేపనగా ఆదివారం మధ్యాహ్నం నేను అత్త దగ్గరికి పోయి, వచ్చి ఒక్కసారి తొవ్వ చూడమన్నాను.

"ఆయితారం చూసింది నేను నమ్మ పంతులమ్మా" అంది. "ఒక్కపారి నమ్మిన. రేపు చూస్త."

సోమవారం ఇంకా తెల్లవారలేదు. మేము పెరట్లో మొహాలు కడుక్కుంటున్నాం. ముందర రోడ్డు మీద లారీల మోత వినబడుతోంది. కట్ట మీద కోడలు సైకిల్ తోసుకుంటూ వస్తోంది, వెనక అత్త.

"ఎక్కు. నేనొస్తున్న" అంది అత్త.

పిల్ల ఎక్కింది. మెల్లగా పోనిస్తూ, మా చెట్టు దగ్గర వంపు తిరిగేటప్పుడు తల వంచింది. అత్త కొంగు బిగించి, దాదాపు ఉరుకుతున్నట్టే వెంట పోయింది. ఇద్దరూ కనబడకుండా పోయారు. కాసేపటికి బాయి షిఫ్టు సైరన్ మోగింది. మా ఆయన టీ తాగడం ఆపి విన్నాడు. నేనూ విన్నాను.

బాగా తెల్లవారినాక అత్త ఒక్కతే తిరిగి వచ్చింది. మా చెట్టు కింద ఆగి పైకి చూసింది.

"అన్నా."

"ఏందమ్మా?"

"గీ కొమ్మ కొట్టెయ్యి. రేపు గూడ చీకట్లనే వస్తది పోరి. కండ్లకు తగుల్తది."

మా ఆయన కొమ్మ దిక్కు చూశాడు. దాని నిండా పిందెలూ దోరకాయలూ ఉన్నాయి. "పొద్దుగూకినంక కొడ్త" అన్నాడు.

"ఇప్పుడే కొట్టు. నేనుండంగనే."

గొడ్డలి తెచ్చి కొట్టాడు. ఆమె దోరగా ఉన్న కాయలు ఏరి మనవరాళ్ల కోసం కొంగులో వేసుకొని, కొమ్మను తానే పక్కకు ఈడ్చి పోయింది. ఆ ఏడాది మస్టర్లు పడ్డాయి. ఆ పిల్ల ఇప్పటికీ ల్యాంపు రూములోనే ఉంది.

మేస్త్రీకి చెట్టు మీద ఆ నరుకు చోటు చూపించాను. ఆరేండ్లలో బెరడు చుట్టూ కమ్ముకొచ్చింది గాని నడుమ ఇంకా మూసుకోలేదు. అతను దాని మీద చెయ్యి పెట్టి చూసి, పోయి తాడు విప్పి, వంపు వెంట మళ్లీ కట్టుకున్నాడు.