యూస్టస్ ఎకో పెట్టె

యూస్టస్ చేతిలో పడ్డ ఏ మాటా ఒక్కసారితో ఆగదు. పోర్ట్ మరియా ఊళ్ళో పెళ్ళికైనా ప్రార్థనకైనా సౌండ్ సిస్టమ్ అతనిదే. మైకు తీగను ముందు తన డిజిటల్ ఎకో పెట్టెలో దూర్చి, అక్కణ్ణుంచి మనిషెత్తు స్పీకర్లకు పంపేవాడు. పాస్టరు "ఆమెన్" అంటే అది కొండ దాకా పోయి తిరిగొచ్చేది.

ఒకసారి తప్పిపోయిన మేక కోసం చాటింపు వేశాడు. "మేక... మేక... మేక" అని ఊరంతా మోగింది. సాయంత్రానికి జనం మూడు మేకల్ని పట్టుకొచ్చారు.

"మామా, మనిషి మాట మనిషి మాటలా వినిపిస్తే నీకేం నష్టం?" అనేది పాటలు వేసే మేనకోడలు మార్వా.

"ఉప్పెయ్యని చేప నువ్వు తింటావా?" అనేవాడు.

చర్చి పెద్ద డీకన్ పిన్నక్ కూతురు షెరీని పెళ్ళాడుతున్న లిన్వాల్‌కు నత్తి. పొరుగూరివాడు. మామగారి ఎదుట తలూపడమే తప్ప నోరు విప్పలేదు. ఎంత నెమ్మదస్తుడో అని డీకన్ మురిసిపోయాడు. కానీ విందులో పెళ్ళికొడుకు లేచి మాట్లాడి తీరాలి. పెళ్ళి రోజు పొద్దున అతను యూస్టస్‌ను వెతుక్కుంటూ వచ్చాడు.

"అ... అ... అన్నా, నా వంతు రాగానే క... కరెంటు పీకేయ్. అందరూ నవ్వితే షెరీ త... తలెత్తుకోలేదు."

"నువ్వు లేచి మాట్లాడు తమ్ముడూ. ఊరి నోటి సంగతి నాకొదిలెయ్."

మధ్యాహ్నం లిన్వాల్ మైకు పట్టుకున్నాడు. "నా షె... షె... షె... షెరీ..."

"ఒరేయ్ యూస్టస్, ఆ దిక్కుమాలిన పెట్టె ఆపరా," అని మేకమాంసం కూర దగ్గర్నుంచి ఎవరో అరిచారు. అందరూ యూస్టస్ వైపు తిరిగి నవ్వారు.

యూస్టస్ లేచి దణ్ణం పెట్టాడు. "తప్పు నాదే. పెట్టె మొండికేసింది. నువ్వు కానీ తమ్ముడూ."

తిట్లన్నీ యూస్టస్‌కే పోతుంటే లిన్వాల్‌కు ధైర్యం వచ్చింది. నిదానంగా సాగించాడు. మార్వాకు మాత్రం ఏదో తేడా కొట్టింది. ఎకో ఎప్పుడూ మాట వెనకాల వస్తుంది. ఇది ముందొస్తోంది. బల్ల కిందికి వంగి చూసింది. మైకు తీగ నేరుగా స్పీకర్లలోకి పోతోంది.

"మామా, పెట్టెకు తీగే లేదు."

"తెలుసు. లేచి నువ్వూ నన్ను తిట్టు. గట్టిగా."

మార్వా ఇన్నేళ్ళ కసీ తీర్చుకుంది.

లిన్వాల్ ముగించాక డీకన్ గ్లాసెత్తాడు. "ఆ వెధవ యంత్రం అంత సతాయించినా నా అల్లుడు చివరిదాకా నిలబడ్డాడు. నా కూతురితో వేగడానికి ఆ ఓపిక చాలు."

విందంతా గొల్లున నవ్వింది. షెరీ మాత్రం కేకులోంచి పెద్ద ముక్క కోసి, నాన్ననూ మొగుణ్ణీ దాటుకుని, సరాసరి యూస్టస్ దగ్గరికి నడిచింది.